మందుల పేటెంట్లు, వాణిజ్య ఒప్పందాలు, మన హక్కులు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫార్మసీ విద్యార్థులు, ఎగుమతి కంపెనీల్లో పనిచేసేవాళ్లు, చేనేత సంఘాలవాళ్లు, ఇంట్లో ఒకరికి ఖరీదైన మందు రాస్తే దిక్కుతోచని కుటుంబాలవాళ్లు, వీళ్లందరి ప్రశ్నలూ చివరికి ఒకే చోటికి వస్తాయి. మేధో సంపత్తి హక్కులను (పేటెంట్, కాపీరైట్, ట్రేడ్‌మార్కు లాంటివాటిని) వాణిజ్య ఒప్పందాలు ఎంతవరకు శాసిస్తాయి, మన చట్టానికి ఎంత చోటు మిగిలింది? సమాధానాల్లో మందులకే ఎక్కువ చోటు ఇచ్చాను. ఈ నియమాలు మనుషుల ప్రాణాల మీదికి వచ్చేది అక్కడే కాబట్టి.

పేటెంట్ చట్టం ఏ దేశానిది ఆ దేశానిదే కదా? అది వాణిజ్య ఒప్పందంలోకి ఎలా వచ్చింది?

అంతర్జాతీయ ఒప్పందాలు ముందూ ఉన్నాయి. పారిశ్రామిక హక్కుల కోసం 1883 నాటి ప్యారిస్ ఒప్పందం, కాపీరైట్ కోసం 1886 నాటి బెర్న్ ఒప్పందం అలాంటివే. కానీ వాటిని పాటించని దేశాన్ని గట్టిగా అడిగే యంత్రాంగం లేదు. పైగా మందుకు పేటెంట్ ఇవ్వాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టానికే వదిలేశారు. అమెరికా, యూరప్, జపాన్ దేశాల పెద్ద మందుల కంపెనీలకు, సినిమా, సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఇది నచ్చలేదు. 1986లో ఉరుగ్వేలో మొదలైన వాణిజ్య చర్చల్లోకి ఈ అంశాన్ని తెప్పించారు. భారత్, బ్రెజిల్ మొదట్లో గట్టిగానే అడ్డుకున్నాయి. చివరికి 1994 ఏప్రిల్ 15న మొరాకోలోని మరాకేష్‌లో సంతకాలయ్యాయి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో)తో పాటే, మేధో హక్కులకు కనీస నియమాలు పెట్టే ట్రిప్స్ ఒప్పందం కూడా అమల్లోకి వచ్చింది.

అప్పటి నుంచి లెక్క మారిపోయింది. పేటెంట్ విషయంలో మాట తప్పిన దేశం కేసు ఓడిపోయి, తీర్పును కూడా అమలు చేయకపోతే, గెలిచిన దేశం దాని బట్టల మీదో ఉక్కు మీదో సుంకం పెంచడానికి అనుమతి తెచ్చుకోవచ్చు. ఇది రెండు వైపులా పదునున్న ఆయుధమే. ఆన్‌లైన్ జూదం కేసులో అమెరికా మీద గెలిచిన చిన్న దీవి దేశం ఆంటిగ్వాకు ఏడాదికి 2.1 కోట్ల డాలర్ల మేర అమెరికా మేధో హక్కులను పక్కనపెట్టే అనుమతి 2013లో దొరికింది.

ట్రిప్స్ ప్రతి దేశం మీదా పెట్టే షరతులు ఏమిటి?

ఇది కనీస హద్దులు గీస్తుంది. పేటెంట్ గడువు దరఖాస్తు తేదీ నుంచి కనీసం 20 ఏళ్లు ఉండాలి. ఏ రంగంలోని ఆవిష్కరణకైనా, మందు సహా, పేటెంట్ దొరకాలి. సొంత పౌరులకు ఇచ్చే రక్షణే విదేశీయులకూ ఇవ్వాలి. నకిలీ బ్రాండు సరుకును సరిహద్దులోనే ఆపగలగాలి. 'కొత్తదనం' అంటే ఏమిటి, 'ఆవిష్కరణ' అని దేన్ని అనాలి అన్నది మాత్రం ట్రిప్స్ ఎక్కడా నిర్వచించలేదు. ఆ నిర్ణయం దేశాలదే. ఈ పేజీలో సగం సమాధానాలు ఆ ఖాళీ చోటు గురించే.

1995కు ముందు మన దగ్గర ఎలా ఉండేది?

జస్టిస్ ఎన్. రాజగోపాల అయ్యంగార్ 1959లో ఇచ్చిన నివేదిక ఆధారంగా 1970 పేటెంట్ల చట్టం వచ్చింది. దాని ప్రకారం మందుకు పేటెంట్ లేదు, మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉంది. అదీ గరిష్ఠంగా ఏడేళ్లే. అదే మందును వేరే దారిలో తయారుచేస్తే ఎవరూ అడగడానికి లేదు.

హైదరాబాద్ మందుల పరిశ్రమ పెరిగింది ఈ నేల మీదే. బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో రసాయన శాస్త్రం చేతికెక్కినవాళ్లు బయటికి వచ్చి సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. దీన్ని 'కాపీ కొట్టడం' అని తీసిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. ఒక అణువును తక్కువ ఖర్చుతో, వేరే దారిలో, అంతే శుద్ధంగా తయారుచేయడం అసలైన రసాయన శాస్త్రం. ఆ రోజుల్లో చట్టం కోరింది కూడా అదే.

మరి చట్టం ఎందుకు మారింది?

డబ్ల్యూటీవోలో చేరాం కాబట్టి. మందులకు పేటెంట్ ఇవ్వడం మొదలుపెట్టడానికి మనకు 2005 వరకు గడువు దొరికింది. ఆలోపు వచ్చే దరఖాస్తులను తీసుకుని దాచి ఉంచే ఏర్పాటు చేయాలి. దీన్నే 'మెయిల్‌బాక్స్' అంటారు. దానికి సరైన చట్టం చేయలేదని అమెరికా కేసు వేసింది. 1997లో భారత్ ఓడిపోయింది. తర్వాత 1999, 2002, 2005 సవరణలు వరుసగా వచ్చాయి. 2005 జనవరి 1 నుంచి మందుకూ పేటెంట్ దొరుకుతోంది.

సెక్షన్ 3(డి) అని తరచూ వింటుంటాం. అందులో అంత గొప్పదనం ఏముంది?

2005 సవరణ సమయంలో పార్లమెంటు పెట్టిన కంచె అది. తెలిసిన పదార్థానికే కొత్త లవణ రూపమో, కొత్త స్ఫటిక రూపమో చూపించి మళ్లీ 20 ఏళ్ల పేటెంట్ అడిగితే కుదరదు. ఆ కొత్త రూపం చికిత్సలో గుణం గణనీయంగా పెంచుతుందని నిరూపించాలి.

దీనికి అసలు పరీక్ష గ్లివెక్ కేసు. రక్త క్యాన్సర్లలో ఒక రకానికి వాడే ఇమాటినిబ్ అనే మందు ఇది. గ్లివెక్ పేరుతో దీన్ని అమ్మే స్విస్ కంపెనీ నోవార్టిస్ దీని ఒక స్ఫటిక రూపానికి 1998లో దరఖాస్తు చేసింది. చెన్నై పేటెంట్ కార్యాలయం 2006లో తిరస్కరించింది. కంపెనీ మద్రాస్ హైకోర్టుకు వెళ్లి 3(డి) సెక్షనే చెల్లదని వాదించింది. 2007లో అక్కడ ఓడిపోయింది. ఆ సెక్షన్ ట్రిప్స్‌కు విరుద్ధమా కాదా అన్నది తేల్చాల్సిన చోటు తమది కాదని హైకోర్టు చెప్పింది. చివరికి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ అప్పీలును కొట్టేసింది. కంపెనీ మందు నెలకు సుమారు లక్షా ఇరవై వేల రూపాయలుంటే, అదే మందును వేరే కంపెనీలు తయారుచేసి అమ్మే రూపం, అంటే జెనరిక్, పది వేల లోపు దొరికేది. ఈ మందు ఆపకుండా ఏళ్ల తరబడి వాడాలి. ఆ తేడా ఒక కుటుంబానికి ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

3(డి) ట్రిప్స్‌కు వ్యతిరేకమని ఇన్నేళ్లుగా విమర్శలైతే చాలా వచ్చాయి. ఏ దేశమూ దాని మీద డబ్ల్యూటీవోలో కేసు మాత్రం వేయలేదు. దాని బలమేంటో తెలుసుకోవడానికి అదొక్కటి చాలు.

తప్పనిసరి లైసెన్సు అంటే పేటెంట్ లాక్కోవడమేనా?

కాదు. పేటెంట్ కంపెనీ దగ్గరే ఉంటుంది, దానికి రాయల్టీ కూడా వస్తుంది. అయితే దాని అనుమతి లేకుండానే వేరొకరు ఆ మందును తయారుచేయడానికి ప్రభుత్వం లైసెన్సు ఇస్తుంది. ట్రిప్స్ 31వ అధికరణం దీన్ని అనుమతిస్తోంది. మన చట్టంలో సెక్షన్ 84 ప్రకారం, పేటెంట్ ఇచ్చి మూడేళ్లు దాటాక ఎవరైనా అడగవచ్చు. ప్రజల అవసరం తీరడం లేదని, ధర అందుబాటులో లేదని, లేదా ఆ పేటెంట్‌ను ఇక్కడ అమలు చేయడం లేదని చూపించాలి.

మన దేశంలో ఇలా వచ్చిన తొలి లైసెన్సు హైదరాబాద్ కంపెనీ నాట్కోదే. కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే సొరాఫెనిబ్ మీద జర్మన్ కంపెనీ బేయర్‌కు అప్పట్లో పేటెంట్ ఉండేది. నెలకు రూ.2,80,428 తీసుకునేది. నాట్కో ముందు బేయర్‌నే లైసెన్సు అడిగింది, దొరకలేదు. 2011లో దరఖాస్తు పెట్టింది. 2012 మార్చి 9న పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ లైసెన్సు మంజూరు చేశారు. నెల సరిపడా 120 మాత్రలు రూ.8,880కి మించకూడదు, బేయర్‌కు 6 శాతం రాయల్టీ ఇవ్వాలి, ఏటా కనీసం 600 మంది పేద రోగులకు ఉచితంగా ఇవ్వాలి, దేశంలోనే అమ్మాలి అన్నవి షరతులు. అప్పీలులో రాయల్టీ 7 శాతానికి పెరిగింది, లైసెన్సు మాత్రం నిలిచింది. 2014లో బాంబే హైకోర్టు సమర్థించింది, అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అవసరమైన రోగుల్లో రెండు శాతం మందికి కాస్త ఎక్కువగా మాత్రమే మందు అందుతోందని కంట్రోలర్ తేల్చింది ఎలా? బేయర్ స్వయంగా పేటెంట్ కార్యాలయానికి ఇచ్చిన 'ఫారం 27' లెక్కలు అందులో కీలకం. పేటెంట్‌ను దేశంలో ఎంత మేర వాడుతున్నామో చెప్పే కాగితం అది. అప్పట్లో ఏటా ఇవ్వాల్సి ఉండేది. దాని సంగతి కింద మళ్లీ వస్తుంది.

అమెరికా ఏటా ఇచ్చే 'స్పెషల్ 301' నివేదికకు భయపడాలా?

అది అమెరికా సొంత చట్టం నుంచి వచ్చింది. 1974 వాణిజ్య చట్టానికి 1988లో చేసిన సవరణ ప్రకారం, ఏ దేశం తమ మేధో హక్కులను సరిగా కాపాడడం లేదో అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ఏటా జాబితా వేస్తుంది. భారత్ చాలా ఏళ్లుగా 'ప్రయారిటీ వాచ్ లిస్ట్'లో ఉంటోంది. 3(డి), తప్పనిసరి లైసెన్సు అందులో పదే పదే కనిపించే ఫిర్యాదులు.

డబ్ల్యూటీవో రాకముందు దీని దెబ్బ నిజంగానే తగిలింది. 1991లో మనల్ని అన్నిటికన్నా కఠినమైన వర్గంలో పెట్టి, 1992లో మన మందులు, రసాయనాల ఎగుమతులకు ఉన్న సుంకం మినహాయింపును నిలిపేశారు. ఇప్పుడు జాబితాలో పేరుండడం దానంతటదే శిక్ష కాదు. డబ్ల్యూటీవో తీర్పు లేకుండా ఏకపక్షంగా చర్య తీసుకోబోమని 1999 నాటి కేసులో అమెరికా చెప్పుకుంది కూడా. అయినా ఒత్తిడి ఒత్తిడే. చర్చల గదిలో ఆ నివేదిక బల్ల మీద ఉంటుంది. దాన్ని కోర్టు తీర్పులా చదవకూడదు, ఎదుటి పక్షం కోరికల చిట్టాగా చదవాలి.

సరుకు మన దేశంలో చట్టబద్ధం, కొనే దేశంలోనూ చట్టబద్ధం. అయినా దారిలో పట్టుకోవచ్చా?

ఈ ప్రశ్న ఊహాజనితం కాదు. 2008 డిసెంబరులో డాక్టర్ రెడ్డీస్ రక్తపోటు మందు లోసార్టన్‌ను బ్రెజిల్‌కు పంపింది. భారత్‌లోగానీ బ్రెజిల్‌లోగానీ దానికి పేటెంట్ అడ్డు లేదు. విమానం మారే చోట, ఆమ్‌స్టర్‌డామ్ షిపోల్ విమానాశ్రయంలో, నెదర్లాండ్స్ కస్టమ్స్ సరుకును ఆపేసింది. అక్కడ పేటెంట్ ఉంది కాబట్టి, దాన్ని అక్కడే తయారైన సరుకుగా భావించి పట్టుకున్నారు. అమ్మకానికి దించని సరుకును అలా చూడడం నా దృష్టిలో ఏ రకంగానూ న్యాయం కాదు. 2008, 2009లో ఇలాంటివి మరికొన్ని జరిగాయి.

2010 మేలో భారత్, బ్రెజిల్ డబ్ల్యూటీవోలో యూరోపియన్ యూనియన్ మీద ఫిర్యాదు చేశాయి. పేటెంట్ అనుమానంతో దారిలో మందులు ఆపకుండా చూస్తామని యూరప్ ఒప్పుకుంది. 2013లో కస్టమ్స్ నియమాలను కూడా మార్చుకుంది. ట్రిప్స్ సరిహద్దు తనిఖీని తప్పనిసరి చేసింది నకిలీ ట్రేడ్‌మార్కు సరుకుకు, దొంగ కాపీలకు మాత్రమే. పేటెంట్ వివాదం చూపు మీద తేలేది కాదు. మన దేశం కూడా 2018లో తన కస్టమ్స్ నియమాల నుంచి పేటెంట్లను తొలగించింది. మంచి పని చేసింది.

దోహా ప్రకటన ఎందుకు ముఖ్యం?

హెచ్‌ఐవీ మందులు ఏడాదికి పది వేల డాలర్లకు పైగా పలుకుతున్న రోజుల్లో, 2001 ఫిబ్రవరిలో మన దేశ కంపెనీ సిప్లా ఒక రోగికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తామని ముందుకొచ్చింది. ధర ఇంత తగ్గించడం సాధ్యమేనని ప్రపంచానికి తెలిసిపోయాక పాత వాదనలు నిలవలేదు. అదే ఏడాది నవంబరు 14న దోహాలో డబ్ల్యూటీవో దేశాలన్నీ కలిసి, ప్రజారోగ్యం కాపాడుకోవడానికి ట్రిప్స్ అడ్డు కాదు, కాకూడదు అని ప్రకటించాయి. తప్పనిసరి లైసెన్సు ఏ కారణంతో ఇవ్వాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ దేశాలదేనని రాసుకున్నాయి.

సొంత ఫ్యాక్టరీలు లేని దేశాలకు వేరే దేశం లైసెన్సు మీద తయారుచేసి పంపే ఏర్పాటు కూడా తర్వాత వచ్చింది. 2017లో అది ట్రిప్స్‌లో శాశ్వత భాగమైంది. కానీ కాగితాల బరువు ఎక్కువ. కెనడా నుంచి రువాండాకు హెచ్‌ఐవీ మందులు వెళ్లడం తప్ప బాగా తెలిసిన ఉదాహరణ ఇంకొకటి లేదు. కాబట్టి ఇది పనిచేసే ఏర్పాటు అని నేను అనలేను.

కరోనా సమయంలో అడిగిన మినహాయింపు ఏమైంది?

2020 అక్టోబరు 2న భారత్, దక్షిణాఫ్రికా అడిగాయి. టీకాలు, మందులు, పరీక్ష కిట్లు అన్నిటికీ మేధో హక్కులు తాత్కాలికంగా పక్కనపెట్టాలన్నాయి. నిర్ణయం 2022 జూన్ 17న వచ్చింది, అదీ టీకాలకు మాత్రమే, పేటెంట్లకు మాత్రమే. అప్పటికి మూడు వేవ్‌లు మన ఇళ్ల మీదుగా వెళ్లిపోయాయి. ఆలస్యం కూడా ఒక నిర్ణయమే, దాని బాధ్యత అడ్డుపడ్డ దేశాలదే అని నేను గట్టిగా నమ్ముతాను.

'ట్రిప్స్ ప్లస్' అంటే ఏమిటి? కొత్త ఒప్పందాల్లో మనం ఏం ఇచ్చాం?

ట్రిప్స్ అడిగినదానికన్నా ఎక్కువ అడిగే షరతులను ఇలా అంటారు. పేటెంట్ గడువు పొడిగించడం ఒకటి. అన్నిటికన్నా తీవ్రమైనది 'డేటా ఎక్స్‌క్లూజివిటీ'. మందు సురక్షితమని నిరూపించే పరీక్షల వివరాలను కొన్నేళ్లపాటు ఇతరులెవరూ ఆధారం చేసుకోకూడదన్న నియమం అది. పేటెంట్ లేకపోయినా, ముగిసిపోయినా, జెనరిక్ రావడం ఆగిపోతుంది. స్విట్జర్లాండ్ ఉన్న ఎఫ్టా కూటమితో 2024 మార్చి 10న కుదిరిన ఒప్పందంలో దీనికి భారత్ ఒప్పుకోలేదు.

2025 జులై 24న బ్రిటన్‌తో సంతకమైన ఒప్పందం మీద మాత్రం నాకు ఆందోళన ఉంది. మందులు అందించడానికి స్వచ్ఛంద లైసెన్సులే మెరుగైన దారి అన్న వాక్యం అందులో చేరింది. తప్పనిసరి లైసెన్సును అది రద్దు చేయదు, కానీ రేపు ఎవరో కోర్టులో ఆ వాక్యం చూపిస్తారు. పైన చెప్పిన ఫారం 27 కూడా ఇక్కడికే వస్తుంది. 2024 పేటెంట్ నియమాలు దాన్ని ఏటా కాకుండా మూడేళ్లకోసారి చేశాయి. బ్రిటన్ ఒప్పందం ఆ మూడేళ్ల విరామాన్ని అంతర్జాతీయ మాటగా మార్చింది. నాట్కో లాంటి దరఖాస్తు రేపు మళ్లీ వేయాలనుకునేవారికి ఆధారం దొరకడం కష్టమవుతుంది. సుంకాల వార్తల హడావుడిలో ఇలాంటివి ఎవరి కంటా పడవు.

పేటెంట్లు బలహీనపడితే కొత్త మందు ఎవరు కనిపెడతారు?

న్యాయమైన ప్రశ్న. నేను పేటెంట్లకు వ్యతిరేకిని కాను. డాక్టర్ రెడ్డీస్ తాను కనిపెట్టిన మధుమేహం మందు అణువును 1997లో డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్‌కు లైసెన్సు ఇచ్చింది. పేటెంట్ రక్షణ లేకుండా అలాంటి బేరం కుదరదు. హైదరాబాద్ ఇప్పుడు రెండు వైపులా ఉంది. నిజమైన కొత్త అణువుకు 20 ఏళ్లు ఇవ్వడంలో తప్పు లేదు. ఆ 20 ఏళ్లు అయ్యాక లవణం మార్చి ఇంకో పదేళ్లు అడగడమే తప్పు.

పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది. విదేశంలో నకలు అమ్మితే ఆపగలమా?

మన రిజిస్ట్రేషన్ మన దేశంలోనే చెల్లుతుంది. సొంత దేశంలో రక్షణ లేని పేరును ఇతర దేశాలు కాపాడనక్కర్లేదని ట్రిప్స్ చెబుతుంది. కాబట్టి ఇక్కడి నమోదు మొదటి మెట్టు. తర్వాత ప్రతి దేశంలో వేరుగా ప్రయత్నించాలి. డార్జిలింగ్ టీ 2011లో యూరోపియన్ యూనియన్‌లో అలాగే నమోదైంది, వెనుక టీ బోర్డు డబ్బూ ఓపికా ఉన్నాయి. చేనేత సంఘానికి అంత శక్తి ఉండదు. ఇంకో చిక్కు: వైన్లకు, మద్యాలకు ట్రిప్స్ ఇచ్చే రక్షణ మిగతా సరుకుల కన్నా బలమైనది. షాంపేన్‌కు దొరికే గౌరవం ఇక్కత్‌కు దొరకదు. దీన్ని మార్చాలని భారత్ చాలా కాలంగా అడుగుతోంది.

నా బ్రాండు పేరు, నా ఆవిష్కరణ బయటి దేశాల్లో ఎలా కాపాడుకోవాలి?

ట్రేడ్‌మార్కుకు మాడ్రిడ్ పద్ధతి ఉంది, భారత్ 2013లో చేరింది. ఒకే దరఖాస్తుతో అనేక దేశాలు ఎంచుకోవచ్చు. పేటెంట్‌కు ఇక్కడ వేసిన తేదీ నుంచి 12 నెలల్లోపు పీసీటీ (పలు దేశాల్లో పేటెంట్ కోరడానికి ఉన్న అంతర్జాతీయ ఒప్పందం) దరఖాస్తు వేయాలి. అంతకన్నా ముఖ్యం, దరఖాస్తు వేయకముందే ఎగ్జిబిషన్‌లో చూపించడం, యూట్యూబ్‌లో పెట్టడం చేయకండి. చాలా దేశాల్లో కొత్తదనం అక్కడితో పోయినట్టే. ఇక మీ బ్రాండుతో నకిలీ సరుకు మన దేశంలోకి దిగుమతి అవుతుంటే, 2007 నియమాల కింద కస్టమ్స్‌లో మీ ట్రేడ్‌మార్కు నమోదు చేసుకోవచ్చు.

మామూలు మనుషులు ఏమైనా చేయగలరా?

చేశారు కూడా. పేటెంట్ దరఖాస్తు ప్రచురితమయ్యాక, మంజూరు కాకముందు, ఎవరైనా అభ్యంతరం దాఖలు చేయవచ్చు. సెక్షన్ 25(1) ఇచ్చిన హక్కు ఇది. మందులు లొంగని క్షయకు వాడే బెడాక్విలిన్ లవణ రూపం మీద జాన్సన్ అండ్ జాన్సన్ మరో పేటెంట్ అడిగినప్పుడు, క్షయ నుంచి బయటపడ్డ ఇద్దరు మహిళలు, ఒకరు భారత్‌లో, ఒకరు దక్షిణాఫ్రికాలో ఉన్నవారు, అభ్యంతరం వేశారు. పాత క్షయ మందుల దుష్ప్రభావంతో ఇద్దరూ వినికిడి కోల్పోయినవారే. 2023 మార్చిలో మన పేటెంట్ కార్యాలయం కంపెనీ దరఖాస్తును తిరస్కరించింది. అదే ఏడాది జులైలో అసలు పేటెంట్ ముగియగానే జెనరిక్‌లకు దారి దొరికింది. లేకపోతే 2027 దాకా ఆగాల్సి వచ్చేది. 2024 నియమాలు ఈ అభ్యంతరానికి ఫీజు పెట్టాయి, ముందే వడపోత కూడా పెట్టాయి. హక్కు మాత్రం ఇంకా ఉంది. వేయాలనుకునేవారు పేటెంట్ కార్యాలయం ప్రతి శుక్రవారం విడుదల చేసే పత్రికను చూస్తూ ఉండాలి. దరఖాస్తులు ప్రచురితమయ్యేది అందులోనే.